అక్క చేతికైతే పట్టేది

చిత్తూరు,
సోమవారం.

చిరంజీవి, లక్ష్మీసమానురాలు, మా ఇంటి గాలి శాఖ మాజీ అధికారిణి ఈశ్వరికి,

నీ బావ మోహన్‌కృష్ణ ఆశీర్వదించబోయి, ధైర్యం చాలక మధ్యలో ఆపేసి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది. నేనూ అమ్మా కుశలమే. బండి వెనక చక్రం మాత్రం కుశలంగా లేదు. నీ కుశలం తెలియదు, ఎందుకంటే నువ్వు కార్వేటినగరం బస్సెక్కిన రోజునుంచి నీ ఫోను నా నంబరును మనిషి నంబరుగా గుర్తించడం లేదు.

"ఏమన్నా ఉంటే రాయి బావా. ఫోన్లో అయితే నవ్విస్తావు. నవ్వితే నేను ఓడిపోతా" అని బస్సు కిటికీలోంచి చెప్పావు గదా. సరే, రాస్తున్నాను. కవరు కోసం పోస్టాఫీసుకు వెళితే కౌంటర్లో ఆయన ఆధార్ కార్డులో పేరు మార్చాలా అని అడిగాడు. కాదండీ, పుట్టింటికెళ్ళిన భార్యకు ఉత్తరం రాయాలి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. ఆధార్ కార్డు పోగొట్టుకున్నవాణ్ణి కూడా అంత జాలిగా చూసి ఉండడు.

ఇక అసలు విషయం. ఆ ఆదివారం నువ్వు నన్నొక ప్రశ్న అడిగావు: "నేను లేకపోతే నీకేమన్నా తెలుస్తాదా బావా?" దానికి నేను ఇచ్చిన జవాబు కూడా నీకు గుర్తుండే ఉంటుంది: "తెలీకుండా ఎట్లుంటాది? బండికి గాలెవరు కొడతారు?" సరదాకు అన్నాను. మరునాడు నువ్వు సంచి సర్దుకున్నావు. సరదాకు అన్న మాటలకు శాపాల్లాగా ఫలించే గుణం ఉంటుందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నువ్వు వెళ్ళాక వెనక చక్రంలో గాలి పూర్తిగా తగ్గిపోయింది. ఎక్కించడం ఎవరి తరమూ కావడం లేదు.

మన వీధి చివర నిస్సార్ పంక్చర్ షాపుకు తోసుకెళ్ళాను. గాలి పైపు చివర ఇత్తడి ముక్క ఉంటుందే, చదువుకున్నవాళ్ళు దాన్ని చక్ అంటారు, నిస్సార్ మూతి అంటాడు. చక్రానికున్న వాల్వును అతను ముక్కు అంటాడు. మూతి ముక్కును గట్టిగా కరచుకుంటేనే గాలి లోపలికి పోతుంది. మన ముక్కును అది కరచుకోవడం లేదు. నొక్కి పట్టుకుంటే పక్కనుంచి బుస్సుమంటుంది. చెయ్యి వదిలితే ఊడి, పైపంతా నేలమీద పాములా దొర్లుతుంది. ఇప్పటిదాకా పోయిన గాలికి నా చొక్కా ఉబ్బింది, టైరు ఉబ్బలేదు. బీటెక్ మెకానికల్ చదివినవాణ్ణి, ద్రవగతిశాస్త్రాన్ని రెండోసారికే జయించినవాణ్ణి, వీధిలో అందరి ముందూ మోకాళ్ళమీద కూర్చొని ఒక ఇత్తడి ముక్కును బతిమాలుతున్నాను.

నిస్సార్ ఒకసారి పెట్టి చూశాడు. చూసి లేచి చేతులు తుడుచుకున్నాడు.

"పట్టదు సార్. అక్క చేతికైతే పట్టేది. అక్కనడుగు సార్."

కాబట్టి అడుగుతున్నాను. దయచేసి పద్ధతి రాసి పంపించు.

ఇట్లు,
వెనక చక్రంలాగే గాలి తీసిన,
మోహన్‌కృష్ణ.

తా.క. కోడల్ని తెచ్చుకో అని అమ్మ పోరు. "ఫోన్లో పిల్చేది మన ఇండ్లల్లో లేదు. బండిమీద పోయి మర్యాదగా పిల్చుకోని రా" అంటుంది. శుక్రవారం బండికి పూజ మాత్రం మానలేదు. కదలని బండికి దిష్టి తీసింది. ఎవరి దిష్టి తగులుతుందో నాకు అర్థం కాలేదు.

తా.క. 2. స్నానాల గది కిటికీలో ఉండే నా పాత టూత్‌బ్రష్ కనబడడం లేదు. ఆ వంకర పళ్ళ బ్రష్‌ను దొంగలు ఎత్తుకుపోరు. నువ్వే జ్ఞాపకంగా పట్టుకెళ్ళి ఉంటావని, అంటే ఏ మూలో నామీద ఇంకా కాస్త ప్రేమ ఉందని, నేనూ అమ్మా అనుకుంటున్నాం.

*

కార్వేటినగరం,
శుక్రవారం.

మోహన్‌కృష్ణ బావకు లోకేశ్వరి వ్రాయునది. నమస్కారం పెట్టలేదు, గమనించగలవు.

నీ ఉత్తరం అందింది. నాకంటే ముందు నాయనకు అందింది. కవరు నాలుగు మూలలా పసుపు చూసి ఆయన దాన్ని విప్పనే లేదు. చెప్పులు విడిచి, దేవుడి గూట్లో పెట్టి, దండం పెట్టుకొని, "సిత్తూరు నుంచి మంచి కబురొచ్చినాది" అని వీధి అరుగుమీద కూర్చొని చెప్పినాడు. తర్వాత నేను విప్పితే లోపల ఉన్నది టైరు. మన ఇళ్ళల్లో నాలుగు మూలలా పసుపు పూసి ఎటువంటి ఉత్తరం పంపుతారో నీకు తెలియదా? ఆ పసుపు యాడనుంచి వచ్చిందని నేను అడగను. నీకూ తెలిసినట్టు లేదు.

పద్ధతి అడిగావు. రాసుకో. చక్రం తిప్పి ముక్కు కిందికి వచ్చేలా ఆపు. మూతిని వంకరగా పెట్టొద్దు, నిలువుగా పెట్టు. సగం నొక్కి ఆగొద్దు, లోపల రబ్బరు ముక్కు అంచుకు ఆనేదాకా తొయ్యి. ఆనినాకే మీట వెయ్యి. బుస్సుమంటే కుదరలేదని లెక్క, తీసి మళ్ళీ పెట్టు. బుస్సు ఆగిపోయి సద్దు లేకుండా అయితే కుదిరినట్టు. ఇంతే. దీనికి బీటెక్ అక్కరలేదు.

నా పని గాలి కొట్టడమే అన్నావు గదా. ఆ పని నువ్వే చేసుకో. చేసుకొని, ఆ బండిమీదే వచ్చి మా వాకిట్లో నిలబడి పిలిస్తే అప్పుడు ఆలోచిస్తా. బస్సులో వస్తే తలుపు తీయను.

ఇక్కడ నా పరిస్థితి ఏం చెప్పను? నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి పక్కింటి శకుంతలమ్మ పెద్దమ్మ పుల్ల మామిడికాయలు పంపుతోంది. పొద్దున లేస్తే ఆ వాసనకే కడుపులో తిప్పుతోంది. నాయన నన్ను నీళ్ళ బిందె ఎత్తనివ్వడం లేదు. వీధిలో ఆడవాళ్ళు నా నడక చూసి నవ్వుకుంటున్నారు. దీనికంతటికీ కారణం నువ్వే. ఇంతకంటే రాయడానికి నాకు సిగ్గు. అర్థం చేసుకునే తెలివి ఉంటే చేసుకో.

లోకేశ్వరి.

తా.క. బ్రష్ సంగతి నాకు తెలియదు.

*

చిత్తూరు,
మంగళవారం.

నా ఈశ్వరికి, నా సర్వస్వానికి, జాగ్రత్తగా కూర్చొని చదవమని కోరుతూ,

అర్థం చేసుకున్నాను.

ఫ్యాక్టరీలో తోతాపురి మామిడి లారీలు బారులు తీరి ఉన్నాయి. గుజ్జు యంత్రాలు అరుస్తున్నాయి. ఆ గోల మధ్య నీ ఉత్తరం చదివాను. "దీనికంతటికీ కారణం నువ్వే" అన్న చోట ఆగిపోయాను. నిజమే, ఇందులో నా పాత్ర కొంత ఉందని వినయంగా ఒప్పుకుంటున్నాను. ఆ రోజు నా అజమాయిషీలో తయారైన మామిడి గుజ్జు ఎలా ఉందో నాకు తెలియదు, అది తాగేవాళ్ళకు శుభం కలుగుగాక.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యిమీద చింతపండు పులుసు వదిలేసి నేరుగా బండి దగ్గరికి నడిచింది. కడుపుతో ఉన్న పిల్లను తెచ్చే బండి, వారానికి ఒక్క శుక్రవారం చాలదు, ఇక మంగళవారం కూడా పూజేనట. చక్రానికీ, దీపానికీ, ముక్కుకూ, అన్నిటికీ పసుపూ కుంకుమా నూనెలో కలిపి గంధంలా దట్టంగా పెట్టింది. ముక్కుకు ఉండే నల్ల మూత ఎప్పుడో పోయింది గదా. "ఇత్తడి అట్ల బోసిగా ఉండకూడదు నాయనా" అని దానికి మరీ శ్రద్ధగా పెడుతుంది. తర్వాత వీధంతా చక్కెర పంచింది. నిస్సార్‌కు రెండుసార్లు ఇచ్చింది. అతను తిన్నాడు గానీ నన్ను అదోలా చూశాడు.

కవరుమీది పసుపు కావాలని పూసింది కాదు, నా వేళ్ళది. ఈ మధ్య ఏది ముట్టుకున్నా వేళ్ళు పచ్చబడుతున్నాయి. మన ఇంట్లో ఎప్పుడూ ఉండేదే గదా. మామ దాన్ని చూసి మంచి కబురని ముందే చెప్పాడంటే ఆయన సామాన్యుడు కాడు.

ఇప్పుడు అసలు కష్టం విను. నీ పద్ధతి ప్రకారం ముక్కు కిందికి తెచ్చాను. మూతి నిలువుగా పెట్టాను. ఆనేదాకా తోశాను. బుస్సు. మళ్ళీ తోశాను. బుస్సు. కొత్త మూతులు మూడు రకాలు తెచ్చాను. మీట వేసేది జారింది. మర తిప్పి బిగించేది ఒక చుట్టు తిరిగి మొరాయించింది. అంకెలు వెలిగేది సున్నా చూపించి ఆరిపోయింది. పెట్రోలు బంకులో పిల్లోడు పంక్చర్ షాపుకు పొమ్మన్నాడు. పంక్చర్ షాపులో నిస్సార్, నీకు తెలిసిందే, "అక్కనడుగు సార్."

చివరికి చక్రమే విప్పి, ఒళ్ళో పెట్టుకొని బస్సులో ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాను. పక్క సీటు ముసలాయన, పిల్లోడు నిద్రపోతున్నాడా అని అడిగాడు. మా ఫిట్టర్ రాజారత్నం చేతిలో పెట్టి, దీని ముక్కు సంగతి చూడమన్నాను. అతను ముక్కును చూశాడు, నన్ను చూశాడు, చక్రాన్ని కళ్ళకద్దుకొని తిరిగి నా ఒళ్ళోనే పెట్టాడు. "పూజ చేసిండే సామాను సార్. మీ అమ్మగారిని అడక్కుండా నేను గీకను" అన్నాడు. ఏం గీకాలో ఎందుకు గీకాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇంజనీరును నేనా, అతనా?

ఒక మాట చెప్పనా? నిన్న సాయంత్రం గాలి లేని బండిమీద వసారాలో కూర్చున్నాను. పెట్రోలు ట్యాంకుమీద ఎంత చోటుందో కొలిచాను. ఒక జానెడు ఉంది. ముందు కూర్చోపెట్టుకుంటే సరిపోతుంది.

షరతు కాస్త సడలించు. బస్సులో వస్తాను. తలుపు తీయకపోయినా పర్వాలేదు, కిటికీ తీయి.

ఇట్లు,
తండ్రి హోదాలో మొదటి సంతకం,
మోహన్‌కృష్ణ.

తా.క. పేరు విషయంలో అమ్మ మా నాయన పేరు అంటోంది. ఆడపిల్ల అయితే ఏం చేయాలని అడిగాను. "అప్పుడు కూడా అదే" అంది.

*

కార్వేటినగరం,
శనివారం.

బావకు లోకేశ్వరి వ్రాయునది.

నీ ఉత్తరానికంటే ముందు నిస్సార్ భార్య ఇఫ్ఫత్ ఫోను వచ్చింది. ముబారక్ చెప్పింది. దేనికని అడిగితే ఆమెకే సిగ్గేసింది.

బావా, అటువంటిదేమీ లేదు. నేను మామూలుగానే ఉన్నాను. పెళ్ళైన పిల్ల పుట్టింట్లో ఉండాది, అత్తవారింటి నుంచి పసుపు పూసిన కవరు వచ్చినాది, ఇంకేముంటాదని వీధి వీధంతా ఒక నిర్ణయానికి వచ్చేసింది. మామిడికాయలు అందుకే. బిందె అందుకే. కడుపులో తిప్పింది మామిడికాయలు తిని. నేను సిగ్గుపడి రాయకపోయేసరికి నువ్వు కూడా వీధిలో మనిషివైపోయినావు. నాయనకు విడమరిచి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన గూట్లోంచి నీ కవరు తీసి, నాలుగు మూలలూ మళ్ళీ చూసి, "పసుపయితే పసుపే కదా మ్మా" అని లోపలికి పోయి పడుకున్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

అత్తకు నువ్వే చెప్పాలి. మెల్లగా చెప్పు.

నీమీద కోపంతో రాయాలని కూర్చున్నాను. రావడం లేదు. నీ ఉత్తరంలో మూతులు, ముక్కులు, బస్సులు, అన్నీ చదివి ఎప్పటిలాగే నవ్వినాను. తర్వాత ట్యాంకుమీద జానెడు చోటు కొలిచినావు చూడు, అక్కడ నవ్వలేదు. ఆ పేజీ నాయనకు చూపించలేదు. మడిచి విడిగా పెట్టుకున్నాను.

మన పెళ్ళై రెండేళ్ళు దాటింది. నువ్వు నాతో మాట్లాడని రోజు లేదు. నవ్వించని రోజు కూడా లేదు. అయితే ఏదన్నా అడిగితే నువ్వు జోకు వెనక్కి పోయి నిలబడతావు. నేను ముందు నిలబడి ఉంటా. ఆ ఆదివారం నేను అడిగింది గాలి సంగతి కాదని నీకు తెలుసు. తెలిసే గాలి అన్నావు.

ఒక్క ఉత్తరం రాయి. అందులో టైరు ఉన్నా సరే, నువ్వుండాలి. షరతు సడలించను. బండిమీదే రావాలి.

లోకేశ్వరి.

తా.క. శకుంతలమ్మ పెద్దమ్మ మామిడికాయలు వెనక్కి అడగలేదు. ఊరగాయ పెట్టి జాడీ తనకు పంపమని కబురు చేసింది. ఒకరి ఆశ పోయినా ఇంకొకరి ఊరగాయ ఆగదు.

*

చిత్తూరు,
బుధవారం.

ఈశ్వరీ,

అమ్మకు చెప్పాను. వింటూనే చక్కెర డబ్బా మూత గట్టిగా పెట్టి, పైఅరలో పెట్టింది. తర్వాత, "అయితే ఏమిరా, కోడలయితే రావల్ల గదా" అని మళ్ళీ పసుపు గిన్నె అందుకుంది.

నేను రాయవలసింది రాస్తున్నాను. అలవాటు లేని పని, తప్పులుంటే సర్దుకో.

నువ్వు లేకపోతే నాకు తెలుస్తుంది. పొద్దున్నే తెలుస్తుంది. కాఫీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి మళ్ళీ గిన్నెలోకి వంపేటప్పుడు తెలుస్తుంది. ఫ్యాక్టరీలో ఏదన్నా తమాషా జరిగితే, ఇంటికెళ్ళి దీన్ని ఎలా చెప్పాలా అని మనసులో కూర్చుకుంటూ వచ్చి, గేటు తీసేటప్పుడు తెలుస్తుంది. నా జోకులన్నీ ఇప్పుడు వసారాలో కుప్పగా పడి ఉన్నాయి. అమ్మకు చెబితే "అన్నం తిను" అంటుంది.

ఆదివారం పొద్దున నువ్వు నిస్సార్ షాపు ముందు బండి పక్కన గొంతుక్కూర్చొని గాలి కొట్టేదానివి. కొంగు నడుముకు దోపుకొని, తల పక్కకు వంచి, చెవి చక్రం దగ్గర పెట్టి వినేదానివి. ముందు బుస్సుమనేది. నువ్వు ఏదో కొద్దిగా సర్దేదానివి. బుస్సు ఆగిపోయేది. అప్పుడు తలెత్తి నన్ను చూసేదానివి. అంతసేపూ నేను ఫోను చూస్తున్నట్టు నటించేవాణ్ణి. నిజానికి ఆ సద్దు ఆగేచోటు కోసం, నువ్వు తలెత్తేచోటు కోసం చూసేవాణ్ణి. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం చూశాను. ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ రోజు నువ్వడిగితే నా నోట గాలి మాటే ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. నాకు ముందు గుర్తొచ్చేది అదే. చెప్పాల్సినట్టు చెప్పలేకపోయాను.

నిస్సార్ షాపు దగ్గర నేను రోజూ బుస్సు వింటున్నాను. ఆగడం లేదు.

ఇంట్లో లేనిపోని ఆశ ఒకటి వచ్చి వెళ్ళింది. వెళ్ళినందుకు బాధ లేదని చెప్పను. అయితే ట్యాంకుమీద జానెడు చోటు ఖాళీగా ఉన్నా బండి నడుస్తుంది. వెనక సీటు ఖాళీగా ఉంటే నాకు చేతకావడం లేదు.

వచ్చేయ్.

నువ్వు షరతు సడలించనంటున్నావు కాబట్టి నేనే సడలిస్తాను. బండిమీదే రావాలన్నావు. బండితో వస్తాను. ఆదివారం పొద్దున్నే బయలుదేరి తోసుకుంటూ వస్తాను. ఎప్పటికి చేరతానో తెలియదు. గాలి లేకుండానే మీ వాకిట్లో నిలబడతాను.

నీ
మోహన్.

తా.క. ఇక్కడ ఒక జోకు రాసి కొట్టేశాను. నీకు వెలుగులో పెట్టి చూసే అలవాటుందని తెలుసు. పెట్టినా కనబడదు, మామిడి గుజ్జు పూశాను.

*

కార్వేటినగరం,
శుక్రవారం.

బావకు నమస్కారం. ఈసారి పెట్టినాను, గమనించగలవు.

తోసుకుంటూ రావద్దు. సగం దారికే నీ నడుము పడిపోతుంది. చూసినవాళ్ళు నిన్ను ఎముకలకు పుత్తూరు కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి ఎత్తుకుపోయి బల్లమీద పడుకోబెడతారు. తర్వాత బండిని నేను తోసుకురావాల్సి వస్తుంది. ఈ ఉత్తరం ఆదివారానికి ముందు నీకు అందాలని స్పీడు పోస్టులో పంపుతున్నాను. అయినా నమ్మకం లేక ఇఫ్ఫత్‌కు కూడా ఫోను చేసి చెప్పినాను, ఆదివారం బండి తోసుకుంటూ నిన్ను వీధి దాటనివ్వద్దని.

కవరు లావుగా ఉందేమని అనుకుంటున్నావు గదా. లోపల ఉన్నది నీ టూత్‌బ్రష్.

సంచి సర్దుకున్న రోజు బట్టలకంటే ముందు దాన్నే లోపల వేసుకున్నాను. జ్ఞాపకానికి కాదు. అత్త ప్రతి శుక్రవారం బండికి పసుపూ కుంకుమా నూనె కలిపి పెడుతుంది. ముక్కుకు మూత లేదు. ఆ పసుపు ముక్కుమీది మరచుట్ల సందుల్లోకి పోయి, ఎండి, గార పూసినట్టు గట్టిపడుతుంది. మూతిలో రబ్బరు సరిగా ఆనదు, పళ్ళు పట్టుకోవు, నూనెకు జారుతుంది. నేను శనివారం పొద్దున నువ్వు లేవకముందే తడిగుడ్డ, ఈ బ్రష్ తీసుకొని ముక్కును తోమి, తుడిచి పెట్టేదాన్ని. ఆదివారం గాలి పట్టేది. రెండేళ్ళు నువ్వు చూసింది ఆదివారం. శనివారం చూడలేదు. అత్తకు చెబితే నొచ్చుకుంటుందని ఆమెకూ చెప్పలేదు.

కోపంలో అనుకున్నాను, గాలి ఎట్ల కొడతారో ఈయనకు తెలియనీ అని. నిస్సార్‌కు కూడా ఇఫ్ఫత్ చేత చెప్పించినాను, ఆ ముక్కును తుడవొద్దు, అక్కనడుగు అని మాత్రం చెప్పమని. పాపం, అబద్ధం చెప్పలేదు, నేను చెప్పమన్నదే చెప్పినాడు. రెండోసారి చక్కెర తిన్నాక నిజం చెప్పేద్దామా అని ఇంట్లో గొడవపడినాడంట.

నీ మొదటి ఉత్తరం మూలల్లో పసుపు చూసినప్పుడే నాకు తెలుసు, ముక్కు నిండా పేరుకొని ఉంటుందని. ఒక్క వాక్యం రాసి ఉంటే నువ్వు ఆ వారమే వాకిట్లో ఉండేవాడివి. రాయబోయినాను కూడా. రాసి చించేసినాను. ఎందుకంటే ఆ రోజు నీ ఉత్తరం చదివి నవ్వి, మడిచి, మళ్ళీ తీసి చదివినాను. పక్కన పడుకునే మనిషి ఎప్పుడూ చెప్పనివి పోస్టులో వస్తున్నాయి. గాలి పట్టేస్తే ఉత్తరాలు ఆగిపోతాయని భయం వేసింది. అందుకే పద్ధతంతా రాసి, తుడవమనే మాట మాత్రం రాయలేదు. నిన్ను బండిమీదే రమ్మని షరతు పెట్టి, బండి కదలకుండా బ్రష్ దాచుకున్నదాన్ని నేనే. నువ్వు జోకు వెనక దాక్కుంటావని అన్నాను గదా. నేను టైరు వెనక దాక్కున్నాను.

నువ్వు కాఫీ వెనక్కి గిన్నెలోకి వంపినావని చదివినాక ఇంక దాక్కోలేకపోయినాను. "నువ్వు తలెత్తేచోటు కోసం చూసేవాణ్ణి" అన్నావు. నేను తలెత్తేది ఎందుకనుకున్నావు? గాలి నిండిందని చెప్పడానికా? దానికి నిస్సార్ ఉన్నాడు.

ఇప్పుడు విను, ఇది సరైన పద్ధతి. గోరువెచ్చని నీళ్ళలో బ్రష్ ముంచి ముక్కు చుట్టూ తోము. లోపలి పిన్నుకు తగలకుండా పైపైన. తర్వాత పొడిగుడ్డతో తుడువు. పసుపు నేలమీద పడనీయొద్దు, తులసి కోటలో వెయ్యి, అత్త చూస్తే తృప్తిగా ఉంటుంది. ఆమె పూసిందంతా నా కోసమే. నన్ను తేవాలని పూసిన పసుపే నన్ను ఇన్నాళ్ళు రానీయలేదని ఆమెకు ఎప్పటికీ తెలియకూడదు. తర్వాత మూతి పెట్టు. బుస్సుమంటుంది. కొద్దిగా సర్దు. ఆగుతుంది. ఆగినప్పుడు తలెత్తు. ఎవరూ ఉండరు. బండెక్కి వచ్చెయ్.

నాయన అరుగుమీద కూర్చొని ఉంటాడు. అల్లుడు వస్తున్నాడంటే ఈసారి ఆయన ఎవరికీ మంచి కబురని చెప్పడం లేదు, వచ్చినాకే చెబుతాడంట.

నీ ఈశ్వరి.

తా.క. నీ జోకును వెలుగులో పెట్టి చూసినాను. కనబడలేదు. వచ్చినాక చెప్పాలి.

తా.క. 2. ఆ బ్రష్‌ను చొక్కా జేబులో పెట్టుకొని రా. దానితో పళ్ళు తోముకోవద్దు. వచ్చేటప్పుడు గాలి నువ్వు కొట్టుకో. పోయేటప్పుడు నేను కొడతా. నువ్వు ఫోను ఇంట్లో పెట్టి, ఊరికే నిలబడి చూడు.